సింహం అంటే యేసు ప్రభువా, సాతానా? సండే స్కూల్లో పిల్లాడు అడిగితే నోట మాట రాలేదు

కృప_వైజాగ్
అందరికీ వందనాలు. నేను మా సంఘంలో సండే స్కూల్ చెప్తాను, ఏడు నుంచి పదేళ్ల లోపు పిల్లలు. పోయిన వారం కంఠత వాక్యం మొదటి పేతురు 5:8 ఇచ్చా, అదే, అపవాది గర్జించు సింహమువలె ఎవరిని మింగుదునా అని వెదకుచు తిరుగుచున్నాడు అన్నది. అందరూ బానే అప్పజెప్పారు. ఆఖర్న ఒకడు లేచి, టీచర్ మరి పైన హాల్లో గోడ మీద పే...ద్ద సింహం బొమ్మ వేసి యూదా గోత్రపు సింహము అని రాశారు కదా, అది సాతాను బొమ్మా అన్నాడు. కాదు నాన్నా అది యేసయ్య అన్నా. మరి ఇందాక సింహం సాతాను అన్నారుగా అన్నాడు. నేను వచ్చే వారం చెప్తా అని ప్రార్థన చేసి పంపించేశా, నాకు నిజంగానే ఏం చెప్పాలో తెలీలేదు. ఎవరైనా హెల్ప్ చెయ్యండి, పిల్లలకి అర్థమయ్యేలా. ఆదివారం లోపు కావాలి.

గుంటూరు_కారం
వాడెవడో గానీ పెద్దయ్యాక లాయర్ అవుతాడు సిస్టర్ 😂 మా ఊళ్లో సగం ఆటోల వెనకాల యూదా గోత్రపు సింహం స్టిక్కరే, ఇన్నేళ్లలో నాకు ఈ డౌటు రానేలేదు

తాతగారు_51
అమ్మా కృపా, నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ని, బోధకుణ్ని కాదు, నాకు తెలిసింది చెప్తాను. ముందు పిల్లల్ని ఒక మాట అడగండి. లెక్కల్లో వీడు పులి అంటే తిట్టా, మెచ్చుకోలా? మరి మేకవన్నె పులి అంటే? పులి ఒకటే, మనం దాన్లోంచి తీసుకున్న గుణం వేరు. పేతురు తీసుకుంది సింహం ఆకలి, పొంచి ఉండటం. ప్రకటన 5:5లో యోహాను తీసుకుంది దాని గెలుపు, రాజసం. ఆ రెండోది ఎక్కణ్నుంచి వచ్చిందంటే ఆదికాండము 49లో యాకోబు చనిపోయే ముందు కొడుకుల్ని పిలిచి దీవిస్తూ యూదాని కొదమ సింహం అంటాడు, రాజదండం యూదా దగ్గర్నుంచి తొలగదు అంటాడు. దావీదు ఆ గోత్రం, యేసు దావీదు వంశం, అలా గొలుసు. ఇంకో చిత్రం చూడండి, ప్రకటన 5లో పెద్దల్లో ఒకడు ఏడవకు, ఇదిగో యూదా గోత్రపు సింహం జయించాడు అంటే యోహాను చూస్తాడు. చూస్తే అక్కడ ఉన్నది సింహం కాదు, వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల. విన్నది సింహం, చూసింది గొఱ్ఱెపిల్ల. ఆ అధ్యాయం మొత్తంలో సింహం అన్న మాట మళ్లీ రాదు. మీ గోడ మీద బొమ్మ వేసినాయన ఒక్క వచనం ముందే ఆగిపోయాడన్నమాట.

ప్రశ్న_ఒక్కటే
అంటే ఏ పద్యానికి ఏది పనికొస్తే అది రాసుకున్నారు అని మర్యాదగా చెప్పారు తాతగారు 🙂 నేను నాస్తికుణ్ని, ఇక్కడ అందరికీ తెలుసు, గొడవకి రాలేదు. కానీ అసలు ఆ దేశంలో సింహాలు ఎక్కడివి? ఇజ్రాయెల్ అంటే ఎడారి, ఒంటెలు. ఆఫ్రికా నుంచి ఎవరో చెప్పిన కథలు విని రాసినట్టుంది నాకైతే.

అడవి_మనిషి
గిది మాత్రం తప్పు అన్నా. నేను ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ల చేసి రిటైర్ అయిన, ఆదిలాబాద్ దిక్కు, నాకు బైబిల్ అంతగనం రాదు గాని సింహం గురించి చెప్తా. పాత కాలంల సింహం ఆఫ్రికాలనే లేదు, టర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్, ఆడికెంచి మన ఉత్తర భారతం దాక ఉండె. ఇజ్రాయెల్ పాలస్తీనా దిక్కు క్రూసేడ్ యుద్ధాల కాలం దాక ఉన్నయంటరు, 13వ శతాబ్దం ప్రాంతంల అయిపోయినయ్. ఇరాక్ ఇరాన్ల గయితే మొన్న మొన్నటి దాక, 20వ శతాబ్దం వచ్చినంక గూడ ఉండె. ఇప్పుడు ఆ ఆసియా సింహం అడవిల బతికున్నది మొత్తం లోకంల ఒక్క మన గుజరాత్ల, గిర్ల. 2015 లెక్కల 523, 2020ల 674, 2025 లెక్కల 891. అంటే దావీదు ఏ జాతి సింహాన్ని కొట్టిండో గా జాతికి చుట్టాలు చూడాల్నంటే ఇజ్రాయెల్ పోవుడు కాదు, జునాగఢ్‌కి టికెట్ తీస్కోవాలె 😄 ఆఫ్రికా దానికంటే జూలు జర తక్కువుంటది, చెవులు కనవడ్తయ్, కడుపు కింద తోలు మడత వేలాడ్తది.

కృప_వైజాగ్
అయ్యో ఇది నాకు అస్సలు తెలీదు అంకుల్!! దావీదు సింహం గుజరాత్‌లో చుట్టాలు అంటే మా పిల్లలు ఎగిరి గంతేస్తారు

తాతగారు_51
అడవి మనిషి గారు చెప్పినదానికి సాక్ష్యం బైబిల్లోనే ఉంది. యిర్మీయా 49లో యొర్దాను పొదల్లోంచి సింహం పైకి వచ్చినట్టు అంటాడు. యొర్దాను నది పక్క లోతట్టు నేలంతా అప్పట్లో దట్టమైన పొద, రెల్లు. ఎక్కడో విన్న కథయితే పొద పేరు పెట్టి చెప్పరు కదా. ఇంకా హెబ్రీ భాషలో సింహానికి ఎన్ని మాటలో చూడండి. యోబు 4:10, 11 ఆ రెండు వచనాల్లోనే అయిదు వేర్వేరు మాటలు ఉన్నాయి: అర్యే, షహల్, కెఫీర్, లయిష్, లావీ. చూడని జంతువుకి అయిదు పేర్లు ఎవరు పెట్టుకుంటారు. మన తెలుగు బైబిల్లో కొదమ సింహం అని వచ్చేది ఎక్కువ చోట్ల ఆ కెఫీర్. పిల్ల కాదు, తల్లి పాలు మానేసి తన వేట తను మొదలెట్టిన పడుచు మగది. కొదమ అన్న మాట మన వాళ్లు ఎంత బాగా పెట్టారో, నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది.

అడవి_మనిషి
తాతగారు మీరు చెప్పింది మస్తుగుంది, ఎందుకంటే ఊర్ల మీదికి వచ్చేది ఎక్కువ గదే. రెండు మూడేండ్లకు మగ పిల్లను గుంపుల కెంచి ఎల్లగొడ్తరు, జాగ దొరకక తిరుగుతది, తిరిగి తిరిగి పశువుల మీద పడ్తది. సమ్సోనుకు తోటల కాడ ఎదురైంది కొదమ సింహం అని చదివిన, కరెక్టే, దాని ఏజు గదే.
గిర్ల ఇంకో ముచ్చట. ఆడ మాల్ధారీలని పశువుల కాపరోళ్లు ఉంటరు, అడవిలనే నెస్సులల్ల ఉంటరు, నెస్ అంటే వాళ్ల గుడిసెల గుంపు. సింహం బర్రెను కొడితే సర్కారు నష్టపరిహారం ఇస్తది, గాని ఉట్టిగ ఇయ్యదు, ఫారెస్టోళ్లు వచ్చి కళేబరం చూసి పంచనామా రాయాలె. కొందరు కాపరోళ్లు మిగిలిన తోలో కొమ్మో పట్టుకొని వచ్చి చూపిస్తరు. నేను పోయినప్పుడు కండ్లార చూసిన.

తాతగారు_51
బాబూ మీరు బైబిల్ రాదంటూనే నిర్గమకాండము 22:13 చెప్పేశారు! ఎవరి గొఱ్ఱెనైనా కాపరికి అప్పగిస్తే దాన్ని మృగం చీల్చేస్తే, ఆ చీల్చినదాన్ని సాక్ష్యంగా తేవాలి, తెస్తే నష్టం కట్టక్కర్లేదు. మూడు వేల ఏళ్ల కిందటి పంచనామా. ఇప్పుడు ఆమోసు 3:12 చదవండి, ఒళ్లు జలదరిస్తుంది. ఆమోసు తెకోవలో గొఱ్ఱెల కాపరి. ఏమంటాడంటే, కాపరి సింహం నోట్లోంచి రెండు కాళ్లో చెవి ముక్కో విడిపించినట్టు సమరయలో వాళ్లు తప్పించుకుంటారు అంటాడు. చాలామంది దీన్ని ఏదో రక్షణ వాగ్దానం అనుకుని చదువుతారు, ఒక కూటంలో ఒకాయన అలాగే ప్రసంగం చేస్తుంటే విన్నాను కూడా. కాదు. రెండు కాళ్లు, చెవి ముక్క అంటే గొఱ్ఱె చచ్చిపోయిందని రుజువు. మీలో మిగిలేది పంచనామాకి సరిపడేంతే అని చెప్తున్నాడు. ఆ సంగతి కాపరికే తెలుస్తుంది, ఆమోసు కాపరి కాబట్టి రాశాడు.

గుంటూరు_కారం
అమ్మో. ఇది నాకు ఇరవై ఏళ్లుగా తప్పుగా అర్థమైంది తాతగారూ, నేను కూడా విడిపించుట అన్న మాట చూసి సంతోషపడేవాణ్ని
బై ద వే ఆమోసులో ఇంకో సింహం ఉంది కదా, సింహాన్ని తప్పించుకుని పారిపోతే ఎలుగుబంటి ఎదురైంది, దాన్నీ తప్పించుకుని ఇంటికొచ్చి గోడ మీద చెయ్యేస్తే పాము కరిచింది అని. మా మేనేజర్ నుంచి తప్పించుకుని ఇంటికెళ్తే నా పరిస్థితి అదే 😭

లండన్_చలి
హాయ్ అందరికీ, చాలా రోజులకి లాగిన్ అయ్యా. సమ్సోను, అదే, సింహాన్ని చంపి తర్వాత దాని కళేబరంలోంచి తేనె తీసినాయన, ఆ పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇక్కడ లైల్స్ గోల్డెన్ సిరప్ అని పాకం డబ్బా ఒకటి దొరుకుతుంది, ఆకుపచ్చ బంగారు రంగు, నేను అరిసెలు చెయ్యబోయి బెల్లం దొరక్క అది కొన్నా (అరిసెలు రాలేదు, ఆ విషయం వదిలేయండి). ఇంటికొచ్చి డబ్బా మీద చూస్తే సింహం పడుకుని ఉంది, చుట్టూ ఈగలు. ఇదేంటి తినే వస్తువు మీద చచ్చిన జంతువు అని దగ్గరగా చూస్తే అవి తేనెటీగలు, కింద సమ్సోను విప్పుడు కథలో మాట రాసుంది, బలమైన దాన్లోంచి తీపి వచ్చింది అని! 1880లలో మొదలైన బొమ్మ అంట. 2024లో సీసాలకి కొత్త లోగో పెట్టారు గానీ డబ్బాకి మాత్రం పాత బొమ్మే ఉంచారు.

ప్రశ్న_ఒక్కటే
సరే సింహాలున్నాయి, ఒప్పుకున్నా, అడవి మనిషి గారికి థ్యాంక్స్. కానీ ఈ తేనె సంగతి? తేనెటీగలు కుళ్లిన శవంలో పట్టు పెట్టవు, ఎవరినైనా అడగండి.

తాతగారు_51
కుళ్లిన దాన్లో పెట్టవు, నిజమే. కానీ న్యాయాధిపతులు 14లో అతను కొంతకాలమయ్యాక తిరిగి వచ్చి చూశాడు అని ఉంది. ఆ ఎండకి నక్కలూ గద్దలూ తినగా మిగిలింది ఎముకల గూడు, ఎండిన తోలు. అది పెట్టె లాంటిదే. గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ ఇలాంటిదే ఒకటి రాశాడు, సైప్రస్‌లో ఒనెసిలస్ అనే ఆయన తల నరికి ఊరి గుమ్మానికి వేలాడదీస్తే, అది డొల్లయ్యాక తేనెటీగలు దూరి తేనెపట్టు నింపాయట. కాబట్టి అసాధ్యం అనలేం.
నాకు ఆ కథలో ఆసక్తి తేనె కాదు. సమ్సోను నాజీరు, అంటే దేవునికి మొక్కుబడిగా ప్రత్యేకించబడినవాడు. సంఖ్యాకాండము 6 ప్రకారం నాజీరు ద్రాక్ష ముట్టకూడదు, శవం దగ్గరికి పోకూడదు. సింహం ఎదురైంది ఎక్కడ? తిమ్నాతు ద్రాక్షతోటల దగ్గర. తేనె తీసింది దేన్లోంచి? చచ్చిన దాన్లోంచి. తీసి అమ్మానాన్నలకి పెట్టాడు, ఎక్కడిదో చెప్పలేదు. సింహాన్ని చంపినప్పుడూ చెప్పలేదు. చెప్పలేదు, చెప్పలేదు అని ఆ కథ రెండుసార్లు అంటుంది, తర్వాత పెళ్లి విందులో ముప్పై బట్టల పందెం కట్టి అదే రహస్యాన్ని పొడుపు కథ చేశాడు. ఇంట్లో దాచిన సంగతిని పరాయివాళ్ల ముందు పందెం పెట్టాడు చూడండి.

గుంటూరు_కారం
తాతగారూ మేం పొడుపు కథ అంటాం, బైబిల్లో విప్పుడు కథ అని ఎందుకుంది?

తాతగారు_51
పొడిచేవాడు పొడుస్తాడు, విప్పేవాడు విప్పుతాడు. రెండూ మన మాటలే. విప్పుడు కథ అన్న మాట మా అమ్మమ్మ తర్వాత బైబిల్లోనే విన్నా.

సముద్రం_పక్కన
నమస్కారం, నేను క్రిస్టియన్‌ని కాదు, వైజాగే, కృప గారి పోస్ట్ చూసి వచ్చా. ఏమనుకోకపోతే ఒక మాట. మాకు సింహాచలం అప్పన్న ఉన్నాడు కదా, వరాహ నరసింహుడు. ఏడాదంతా చందనం కింద ఉంటాడు, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఉగ్రం తట్టుకోలేం కాబట్టి చందనం అని మా నాయనమ్మ చెప్పేది. చిన్నప్పుడు నాకూ మీ పిల్లాడి డౌటే వచ్చింది, అంత భయంగా ఉన్నాడు దేవుడా రాక్షసుడా అని. నాయనమ్మ ఏమందంటే, ఒరే హిరణ్యకశిపుడి వైపు నుంచి చూస్తే భయం, ప్రహ్లాదుడి వైపు నుంచి చూస్తే తండ్రి, నువ్వు ఎటువైపు నుంచున్నావో చూసుకో అంది. మీ బుక్కులో ఎలా ఉందో నాకు తెలీదు, జస్ట్ చెప్పా.

కృప_వైజాగ్
ఏమనుకుంటానండి, చాలా బావుంది. మా ఇల్లు అడివివరం దగ్గరే, చందనోత్సవం రోజు మా వీధంతా జనమే 🙂 పోలిక నేను క్లాసులో చెప్పలేను గానీ మీ నాయనమ్మ గారి ప్రశ్న మాత్రం వాడుకుంటా. ఎటువైపు నుంచున్నాం అన్నది.

లండన్_చలి
ఆ ప్రశ్నకి ఇంకో ఉదాహరణ నా దగ్గరుంది. బ్రిటిష్ మ్యూజియంలో అష్షూరు రాజు అష్షూర్‌బనిపాల్ సింహాల వేట శిల్పాలు ఉన్నాయి, నీనెవె రాజభవనం గోడలవి, క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం. నేను చలికి తలదాచుకోవడానికి వెళ్లా, గంటన్నర నిలబడిపోయా. అడవిలో వేట కాదది, బోనుల్లో తెచ్చి వదులుతున్నారు. బోను మీద ఇంకో చిన్న బోనులో ఒకడు కూర్చుని తలుపు పైకెత్తుతుంటే సింహం బయటికొస్తుంది. రాజు రథం మీద నుంచి బాణాలు. ఒక ఆడ సింహం ఉంది, నడుం విరిగి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ తల పైకెత్తి అరుస్తుంది. రాజు తన గొప్ప కోసం చెక్కించుకున్నాడు గానీ చెక్కినవాడు మాత్రం సింహం వైపు ఉన్నాడు అనిపించింది నాకు.
ఇప్పుడు నహూము 2 తెరవండి. సింహాల గుహ ఏమైంది, కొదమ సింహాలు మేసిన చోటు ఏమైంది అని అడుగుతాడు. నీనెవె గురించే. సింహాలు చంపుతూ బొమ్మలు వేయించుకున్న ఊరినే సింహాల గుహ అంటున్నాడు, క్రీ.పూ. 612లో ఆ ఊరు కూలిపోయింది.

ప్రశ్న_ఒక్కటే
ఇది బావుంది, నిజంగా. అయితే రాజులు సింహాల్ని బోనుల్లో పెంచేవాళ్లని శిల్పమే చెప్తోంది కాబట్టి దానియేలుని సింహాల గుహలో పడేసిన కథ అసాధ్యం అనుకునేవాణ్ని, ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ రోజు వాటికి కడుపు నిండుగా ఉండి ఉంటుంది, అంతే. నిద్రపోతున్న సింహం పక్కన ఎవరైనా దానియేలే.

కృప_వైజాగ్
బ్రదర్ దానియేలు 6:24 చదవలేదా మీరు. పొద్దున్నే దానియేలుని పైకి తీశాక, కంప్లయింట్ చేసినవాళ్లని పడేస్తే వాళ్లు అడుగుకి చేరేలోపే సింహాలు ఎముకలు పిండి చేసేశాయి. కడుపు నిండుగా లేవు. నేను క్లాసులో ఆ వచనం చెప్పను, ఎందుకంటే వాళ్లతో పాటు భార్యల్నీ పిల్లల్నీ కూడా పడేశారు అని ఉంది. అది నాకు చదవడానికే కష్టం. రాజు చేసిన పని అది, దేవుడు చెయ్యమన్నాడని అక్కడ లేదు, అయినా.

మరియ_బిడ్డ
మా క్యాథలిక్ బైబిల్లో దానియేలు ఇంకోసారి గుహలో పడతాడు తెలుసా మీకు? 14వ అధ్యాయం, మీ దాంట్లో ఉండదు. అందులో లెక్క కూడా ఉంది, ఏడు సింహాలు, రోజుకి రెండు శవాలు రెండు గొఱ్ఱెలు వేసేవాళ్లు, దానియేలుని తినాలని అవి కూడా ఆపేశారు. ఆరు రోజులు ఉన్నాడు. మధ్యలో దేవదూత యూదయలో పొలానికి కూర తీసుకెళ్తున్న హబక్కూకుని జుట్టు పట్టుకుని ఎత్తి బబులోను తెచ్చి, ఆ భోజనం దానియేలుకి పెట్టించి మళ్లీ వెనక్కి దింపేస్తాడు. ఫుడ్ డెలివరీ 😄 మా ఫాదర్ గారు చెప్పినప్పుడు పిల్లలు పడి పడి నవ్వారు.

గుంటూరు_కారం
జుట్టు పట్టుకుని డెలివరీ 😂😂 కూర ఒలక్కుండా తెచ్చాడంటే ఫైవ్ స్టార్

తాతగారు_51
అమ్మా కృపా, ఒక మనవి. బొమ్మల పుస్తకాల్లో దానియేలు నల్ల గెడ్డం కుర్రాడిలా ఉంటాడు. నమ్మకండి. యెరూషలేము నుంచి పిల్లాడిగా తీసుకెళ్లింది క్రీ.పూ. 605 ప్రాంతం, బబులోను పడిపోయింది 539లో. గుహ సంఘటన ఆ తర్వాత. ఎంత లేదన్నా ఎనభై ఏళ్ల ముసలాయన. నా కంటే పెద్ద. పిల్లలకి తాతయ్యని చూపించండి, సింహాల మధ్య తాతయ్య.

అడవి_మనిషి
నాకొక డౌటు. ఆ పేతురు వాక్యంల గర్జించుకుంట వెదుకుతది అన్నరు. సింహం వేటకు పోయేటప్పుడు అరవదు, సప్పుడు చెయ్యకుంట పొంచి వస్తది. గర్జన అంటే ఇది నా జాగ అని చెప్పుడు, రాత్రి పూట ఎనిమిది కిలోమీటర్ల దాక వినవడ్తది. అరిస్తే జింక ఉంటదా?

తాతగారు_51
మంచి ప్రశ్న, నాకూ చాలాకాలం ఉంది. కీర్తన 10లో దుష్టుడు గుహలో సింహంలా చాటున పొంచి ఉంటాడని ఉంది, అక్కడ చప్పుడు లేదు, మీరు చెప్పిన వేట అది. పేతురు ఆ ఉత్తరం రాసింది హింసల్లో ఉన్నవాళ్లకి. అక్కడ గర్జన పని చంపడం కాదు, బెదరగొట్టి మందలోంచి విడగొట్టడం అనుకుంటా. కిందే ఉంది కదా, లోకంలో ఉన్న మీ సహోదరులకీ ఇవే శ్రమలు అని. మీరు ఒంటరి కాదు అని చెప్తున్నాడు. ఇది నా ఊహే, బోధ కాదు.
కానీ కృప గారి పిల్లాడికి అసలు చెప్పాల్సింది కీర్తన 104 అనిపిస్తోంది. రాత్రవుతుంది, కొదమ సింహాలు వేట కోసం గర్జిస్తాయి, తమ ఆహారాన్ని దేవుని చేతిలోంచి తీసుకోవాలని చూస్తాయి. సూర్యుడు రాగానే గుహల్లోకి పోయి పడుకుంటాయి. అప్పుడు మనిషి పనికి బయలుదేరి సాయంత్రం దాకా కష్టపడతాడు. షిఫ్టు డ్యూటీ. అక్కడ సింహం సాతానూ కాదు, యేసూ కాదు, సింహమే. దేవుడు అన్నం పెట్టే జంతువు.

మరియ_బిడ్డ
మాకు మార్కు సువార్తికుడి గుర్తు కూడా సింహమే, రెక్కల సింహం. వెనిస్ నగరం గుర్తు అదే, 828లో అలెగ్జాండ్రియా నుంచి మార్కు అవశేషాలు తెచ్చుకున్నారు కదా. ఎందుకు సింహం అంటే ఆ సువార్త అరణ్యంలో కేక వేసేవాడి శబ్దంతో మొదలవుతుంది, సింహగర్జనలా అని చెప్తారు. కానీ తమాషా ఏంటంటే ఇరేనియస్ అనే 2వ శతాబ్దపు బిషప్ సింహాన్ని యోహానుకి ఇచ్చి మార్కుకి పక్షిరాజుని ఇచ్చాడు, తర్వాత జెరోము చెప్పిన వరస నిలబడింది. జెరోము పక్కన కూడా బొమ్మల్లో సింహం ఉంటుంది, కాలిలో ముల్లు తీశాడని. అసలు ఆ కథ ఆయనది కాదట, యొర్దాను దగ్గర మఠంలో ఉన్న గెరాసిమస్ అనే సన్యాసిది, లాటిన్లో రెండు పేర్లూ దగ్గరగా ఉండి కలిసిపోయాయి. ఆ సింహం మఠం గాడిదకి కాపలా కాసేది.

ఎడారి_ఒంటె
గాడిద అనగానే ఆగలేక రాస్తున్నా. కువైట్ నుంచి, నైట్ డ్యూటీ. రాజులు మొదటి గ్రంథం 13. ఈ కథ నన్ను ఎన్నేళ్లనుంచో తింటోంది, ఎవరూ ప్రసంగం చెయ్యరు దీని మీద. యూదా నుంచి ఒక దైవజనుడు బేతేలు వెళ్లి యరొబాము రాజు ముందే బలిపీఠానికి వ్యతిరేకంగా ప్రవచనం చెప్తాడు, ప్రాణాలకి తెగించి. దేవుడు అతనికి అక్కడ తినొద్దు తాగొద్దు వచ్చిన దారిలో వెళ్లొద్దు అన్నాడు. రాజు పిలిచినా తినలేదు. అలాంటివాణ్ని ఒక ముసలి ప్రవక్త వెంటపడి, నాకు దేవదూత చెప్పాడు మా ఇంటికి రా అని అబద్ధం చెప్పి తీసుకెళ్లి అన్నం పెట్టాడు. తిని గాడిదెక్కి వెళ్తుంటే దారిలో సింహం చంపేసింది. అబద్ధం చెప్పినవాడికి ఏమీ కాలేదు!! మోసపోయినవాడు పోయాడు. ఇక్కడికి ఏజెంటు మాట నమ్మి వచ్చినవాణ్ని నేను, అందుకే ఎక్కువ తగుల్తుందేమో.
ఆ సింహం శవాన్ని తినలేదు, గాడిదని ముట్టుకోలేదు. దారిలో శవం, ఒక పక్క గాడిద, ఒక పక్క సింహం అలా నిలబడి ఉన్నాయంట, దారిన పోయేవాళ్లు చూసి ఊళ్లో చెప్పారు. ఆ సీను నా కళ్ల ముందు నుంచి పోదు.

అడవి_మనిషి
తమ్మీ, సింహం అట్ల నిలవడదు. చంపితే తింటది, లేకుంటే గుంజుకపోతది, గాడిదను అసలు ఇడువదు. గా రాసినాయనకు సింహం సంగతి తెల్వక కాదు, తెలిసే రాసిండు. ఇది వేట కాదు అని చెప్తుండు.

ప్రశ్న_ఒక్కటే
ఎడారి ఒంటె గారూ, నేను మతం వదిలేసింది ఇలాంటి కథల వల్లే, కాబట్టి మీకు సమాధానం నా దగ్గర లేదు. కానీ మీరు అడిగిన తీరు బావుంది.

తాతగారు_51
బాబూ ఒంటె గారూ, నాకూ దీనికి సమాధానం లేదు. కథ అక్కడితో అయిపోలేదు, అది మాత్రం చెప్పగలను. ఆ ముసలి ప్రవక్త వెళ్లాడు, సింహం ఇంకా అక్కడే ఉండగా వెళ్లాడు, శవాన్ని ఎత్తి గాడిద మీద వేసుకుని తెచ్చి తన సొంత సమాధిలో పెట్టాడు. అయ్యో నా సహోదరుడా అని ఏడ్చాడు. నేను చచ్చాక నన్ను ఇతని పక్కనే పెట్టండి, నా ఎముకలు ఇతని ఎముకల పక్కన ఉండాలి అని కొడుకులకి చెప్పాడు. మూడు వందల ఏళ్ల తర్వాత యోషీయా రాజు వచ్చి బేతేలులో సమాధులన్నీ తవ్వించి ఎముకలు కాల్పించాడు, ఒక సమాధి చూసి ఇది ఎవరిది అన్నాడు. ఊరివాళ్లు యూదా నుంచి వచ్చిన దైవజనుడిది అంటే దాన్ని ముట్టుకోవద్దన్నాడు. ఆ పక్కన ఉన్నందుకు ముసలాయన ఎముకలు కూడా మిగిలాయి. మోసం చేసినవాణ్ని మోసపోయినవాడి ఎముకలు కాపాడాయి. న్యాయం అని నేను అనను.

ఎడారి_ఒంటె
యోషీయా సంగతి దీనికి కలుస్తుందని నాకు తెలీదు తాతగారూ. డ్యూటీ అయ్యాక కూర్చుని చదువుతా. వందనాలు.

గుంటూరు_కారం
సీరియస్ అయిపోయింది వాతావరణం, నేనొకటి వేస్తా. బైబిల్లో నా ఫేవరెట్ సింహం అసలు లేని సింహం. సామెతలు 22:13, సోమరివాడు బయట సింహం ఉంది, వీధిలోకి వెళ్తే చచ్చిపోతా అంటాడు. 26:13లో మళ్లీ అదే సాకు. జిమ్‌కి వెళ్లకపోవడానికి నేను ఇవాళ్టి నుంచి ఇదే చెప్తా

లండన్_చలి
కృప గారూ మీ గోడ బొమ్మలో సింహం పక్కన గొఱ్ఱెపిల్ల కూడా ఉందా? ఉంటే పిల్లల్ని ఒక క్విజ్ అడగండి, సింహమూ గొఱ్ఱెపిల్లా కలిసి పడుకుంటాయి అని బైబిల్లో ఎక్కడుంది అని. ఎక్కడా లేదు! యెషయా 11లో గొఱ్ఱెపిల్లతో ఉండేది తోడేలు. చిరుత మేకపిల్లతో. కొదమ సింహం దూడతో. చిన్న పిల్లాడు వాటిని తోలతాడు. సింహం చేసే పని వేరే ఉంది, ఎద్దులాగ గడ్డి తినడం.

కృప_వైజాగ్
ఉంది అండీ గోడ మీద గొఱ్ఱెపిల్ల 😅 పెయింటర్ గారికి చెప్తే డబ్బులు మళ్లీ అడుగుతారు. అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇవన్నీ నోట్స్ రాసుకున్నా. ఆదివారం అయ్యాక వచ్చి చెప్తా.

కృప_వైజాగ్
వచ్చేశా. క్లాస్ అయ్యింది. తాతగారి పులి ప్రశ్నతో మొదలుపెట్టా, లెక్కల్లో పులి, మేకవన్నె పులి, గలగలా చెప్పేశారు. తర్వాత గది మధ్యలో ఒకణ్ని సింహంగా నిలబెట్టి, ఇటు వైపు గొఱ్ఱెలు, అటు వైపు సింహం పిల్లలు అని రెండు గ్రూపులు చేసి, ఇప్పుడు గర్జించు అన్నా. గొఱ్ఱెలు కెవ్వుమన్నాయి, సింహం పిల్లలు చప్పట్లు కొట్టాయి. మీకు ఎందుకు భయం వేసింది, మీకెందుకు వెయ్యలేదు అని అడిగా. అంతే, నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది, ఆ డౌటు అడిగినవాడే లేచి, టీచర్ అరుపు ఒకటే గానీ ఎవరి నాన్నో చూసుకోవాలి అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.
కీర్తన 104 చదివించి బొమ్మలు వెయ్యమన్నా. ఒక పాప వేసింది చూడాలి మీరు, సింహం ముందు కంచం, కంచంలో గడ్డి, సింహం మొహం చేదు మందు తాగినట్టు పెట్టింది. యెషయా 11 అంట. దానియేలు తాతయ్యకి అందరూ తెల్ల గెడ్డం వేశారు, ఒకడు కళ్లజోడు కూడా పెట్టాడు. గిర్ సంగతి చెప్తే ఎప్పుడు తీసుకెళ్తారు అని మొదలెట్టారు, ముందు మన ఇందిరా గాంధీ జూకి వెళ్దాం అని బుజ్జగించా.
పెద్ద సమస్య ఏంటంటే దావీదు సింహాన్నీ ఎలుగుబంటినీ చంపాడు కదా, ఎలుగుబంటి మాటేంటి అని పట్టుకున్నారు. బైబిల్లో ఎలుగుబంట్లు ఇంకెక్కడున్నాయి అంటే ఎవడో ఎలీషాని బోడివాడా అని ఎగతాళి చేసిన నలభై ఇద్దరి కథ ఇంట్లో విని వచ్చాడు, అందరికీ చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే మా సూపరింటెండెంట్ గారు లోపలికి వచ్చారు. ఆయనకి బట్టతల. పద్దెనిమిది మందీ ఒక్కసారి ఆయన తల వైపు చూసి నోళ్లు మూసుకున్నారు.
ఎలుగుబంట్లకి వేరే థ్రెడ్ వేస్తున్నా. తాతగారూ మీరు తప్పకుండా రావాలి.

తాతగారు_51
వస్తానమ్మా. నాదీ బట్టతలే, కాస్త చూసి రాయమను అందర్నీ.